కాఫీ వేళ మృదంగం

మద్రాసులో డిసెంబరు వచ్చిందంటే సంగీతం ఊరికే దొరుకుతుంది. టికెట్లన్నీ సాయంత్రం కచేరీలకే. పొద్దున తొమ్మిది నుంచి నాలుగింటి దాకా ఏ సభ తలుపైనా తోసుకుని లోపలికి వెళ్లి కూర్చోవచ్చు, నువ్వెవరని అడిగే నాథుడుండడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. మాకూ తెలుసు. తెలిసి కూడా నాకు నలభై ఆరేళ్లొచ్చేదాకా మా ఇంట్లో ఒక్కరం కూడా ఆ తలుపు తొయ్యలేదు.

మా నాన్న సవరిముత్తు యాభై ఐదేళ్లుగా మృదంగాలు చేస్తున్నాడు. మైలాపూరు వెనక సందులో మా ఇల్లు, ముందు గదిలోనే పని. ఆయన చేతి మీదుగా వెళ్లిన మృదంగం మోగని సభ ఊళ్లో లేదు. ఆయన మాత్రం ఆ సభల పక్క తలుపు దగ్గర వాద్యం అందించి, దండం పెట్టి, సైకిలెక్కి ఇంటికొచ్చేసేవాడు. ఎవరూ రావద్దనలేదు. రమ్మనీ అనలేదు. ఆ రెంటికీ మధ్య మా వాళ్ల తరాలు మూడు గడిచిపోయాయి.

ఆ యేడు డిసెంబరు మొదటి వారంలో నాన్నని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. కుడి చెవి ఎప్పుడో పోయిందన్నాడు. ఎడమది రోజురోజుకీ పోతోందన్నాడు. మిషను పెడితే మాటలు వినపడొచ్చు గానీ శ్రుతి సంగతి మాత్రం తను హామీ ఇవ్వలేనన్నాడు. నాన్న తల పంకించి విన్నాడు. ఎంత విన్నాడో దేవుడికే తెలియాలి. బస్సు దిగి సందు మలుపు తిరిగాక ఒక్క మాటన్నాడు.

"సీజన్ అయ్యేదాకా ఎవరికీ చెప్పకు ఫిలో. చెవిటోడి చేతికి మృదంగం ఎవడిస్తాడు?"

అమ్మకి కూడా చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదనుకోండి, అమ్మకి మొగుడి చెవుల సంగతి మాకంటే ముందే తెలుసు. ఆవిడ పేరు అర్పుదం, అంటే తమిళంలో అద్భుతం. ఆ పేరుకి తగ్గట్టే ఏదీ చెప్పకుండానే తెలుసుకుంటుంది.

నేను కార్పొరేషన్ బడిలో ఆయాని. అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక ఇరవై రెండు నుంచి సెలవులు. ఆ రోజు పొద్దున్నే నాన్న ముందు నిలబడి, ఇవాళ మధ్యాహ్నం కచేరీకి వెళ్తున్నామని గట్టిగా చెప్పాను.

"ఎందుకు? ఎవరి మృదంగం పగిలింది?" అన్నాడు.

"ఎవరిదీ పగల్లేదు. ఊరికే కూర్చుని విందాం."

"మనమా? లోపలా?"

మా నాన్న మంచివాడే గానీ మొండితనంలో గాడిదలకి పాఠం చెప్పగలడు. నేను ఆయన కూతుర్ని. ఆ సాధింపులన్నీ ఇక్కడ రాస్తే పొద్దు చాలదు. చివరికి అమ్మ క్రిస్మస్‌కని దాచిన తెల్లచొక్కా తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది, దాంతో వాదన ముగిసింది.

సభ ఆవరణలో అడుగుపెట్టగానే ఆయన కాళ్లు వాటంతటవే పక్క తలుపు వైపు తిరిగాయి. చెయ్యి పట్టుకుని ముందు తలుపు వైపు తిప్పాను. పంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన గుమ్మంలో నిలబడి, ఎక్కడైనా కూర్చోండి, అన్నీ ఖాళీయే అన్నాడు. నిజంగానే అన్నీ ఖాళీ. ఆరు వందల కుర్చీలకి అరవై మంది. అయినా నాన్న గోడకి అంటుకుని నిలబడిపోయాడు, రెండు గంటలపాటు. నించుంటే బాగా వినిపిస్తుందట. నాకు ఒళ్లు మండింది. బస్‌స్టాపులో పెట్టిన చీవాట్లు ఆయన మంచి చెవి వైపే నిలబడి పెట్టాను.

మర్నాడు వేరే సభ. ఈసారి మోచెయ్యి వదల్లేదు. ఆఖరి వరసలో కూర్చోబెట్టాను. ఆ కుర్చీలు మనం లేస్తే టపామని మడుచుకునే రకం. సగం లేచి మళ్లీ కూర్చోబోయేసరికి కుర్చీ మడుచుకుపోయి, నాన్న కింద పడబోయాడు. మా ముందు వరసలో ఉన్న ముసలావిడ వెనక్కి తిరిగి, చేత్తో కుర్చీ దించి పట్టుకుని, "ఇలా పట్టుకుని కూర్చోవాలి, ఇవి సభ వాళ్లకంటే పాతవి" అంది. ఎనభై ఏళ్లుంటాయి. ఏసీ చలికి తలకి మఫ్లరు, మీద శాలువా, చేతిలో ఏ రాగం ఎవరు పాడారో రాసుకునే పుస్తకం. అలా పరిచయమైంది విశాలం మామి. బ్రాహ్మల ఇళ్ల పెద్దావిడల్ని మామి అనడం ఇక్కడ అలవాటు.

పాడేది ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. పాట ఇంకా మొదలుపెట్టలేదు. మాటలేవీ లేకుండా, ఊరికే గొంతెత్తి ఒక స్వరం మీద నిలబెట్టాడు. నిలబెట్టి, దాన్ని కొంచెం కదిపాడు. వయొలిన్ వెనకాలే వెళ్లి అక్కడే నిలబడింది. ఆ హాలు ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది. పుట్టినప్పటినుంచీ మృదంగం మోత మధ్యే పెరిగాను. మా ముందు గదిలో వినేది ఒక్కొక్క దెబ్బే. తోలు బిగిసిందా, దాని నడుమ అద్దిన నల్లమచ్చ ఎండిందా, అంతే. ఆ దెబ్బలన్నీ దేనికోసమో చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. అది బాధ కాదు. ఇంత పెద్దది మా ఇంటికి రెండు వీధుల అవతల ఏటేటా జరుగుతుంటే నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్నానే అనిపించింది.

నాన్న వైపు చూశాను. నోరు తెరుచుకుని ఉన్నాడు. చాలాసేపటికి నా చెవి దగ్గరికి వంగాడు.

"నేను ఇన్నాళ్లూ గుమ్మాలు చెక్కానే ఫిలో. ఇల్లు చూళ్లేదు."

అంత సంతోషంలో ఉన్నవాడికి కాసేపట్లోనే దెబ్బ తగిలింది. పెద్ద పాట అయ్యాక గాయకుడు ఆగాడు. వయొలిన్ ఆమె వాద్యం ఒళ్లో పెట్టుకుంది. ఇక మృదంగం ఒక్కటే వాయించాలి, తని అంటారు దాన్ని. నాన్న వెన్ను నిటారుగా పెట్టి, చొక్కా సర్దుకుని, "ఇప్పుడు మనది" అన్నాడు. అనీ అనకముందే హాలంతా టపటపా కుర్చీలు మడుచుకోవడం మొదలైంది. జనం లేచి తలుపుల వైపు నడుస్తున్నారు. నాన్న కంగారుపడి, ఏదైనా తగలబడిందా అని అటూ ఇటూ చూశాడు.

విశాలం మామి కూడా సంచీ తీసుకుని లేస్తోంది. ఏమైందని అడిగాను.

"తని కదమ్మా. ఇప్పుడెళ్తే కేంటీన్లో వేడి కాఫీ దొరుకుతుంది. తర్వాత తోపులాట."

"రోజూ ఇంతేనా?"

"మా ఆయన బతికున్న రోజుల నుంచీ ఇంతే. పోనీ మీకూ పట్టుకు రానా?"

ఆవిడ నిజంగా మంచి మనసుతోనే అడిగింది. నాన్నకి ఆ మాటలు వినపడలేదు, కానీ కళ్లున్నాయి కదా. వేదిక మీద మృదంగం కుర్రాడు తల వంచుకుని వాయిస్తూనే ఉన్నాడు. లెక్కపెట్టాను, హాల్లో మిగిలింది పదకొండు మంది, అందులో ఇద్దరు నిద్రపోతున్నారు. ఇంటికొచ్చాక నాన్న అమ్మతో చెప్పాడు, యాభై ఐదేళ్లలో ఇంతమంది వాద్యగాళ్లు ఇంటికొచ్చారు, ఒక్కడూ ఈ మాట చెప్పలేదు తనకి అని. అవమానపడ్డ గొంతు అది. ఇక వెళ్లేది లేదన్నాడు.

రెండు రోజులు అలాగే గడిచాయి. క్రిస్మస్ భోజనాలయ్యాక అమ్మ ఎంగిలి పళ్లేలు తీస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. "వాళ్లు కాఫీకి పోతారు సరే. మృదంగం చేసినవాడు కూడా వెళ్లి కూర్చోకపోతే ఆ వాయించే పిల్లలు ఎవరి మొహం చూసి వాయిస్తారు?" నాన్న వినబడనట్టే కూర్చున్నాడు. ఈ ఇంట్లో ఎవరికి ఏది వినబడుతుందో చెప్పడం కష్టం. మర్నాడు పదకొండింటికల్లా చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఇక చూసుకోండి. తెల్లవారుజామున లేచి పని, పదకొండు దాటితే సభలు. ఒక్కోరోజు రెండేసి. అమ్మ కట్టిచ్చిన చింతపండు పులిహోర కార్ల నీడలో తినేవాళ్లం. ఒకచోట వీణ, ఒకచోట వేణువు, ఒకచోట ఐదుగురు అక్కచెల్లెళ్లు ఒకే గొంతుతో పాడారు. ఎవరైనా పైసా అడుగుతారేమోనని మొదట్లో నేను తలుపు వైపు చూస్తుండేదాన్ని. ఎవరూ అడగలేదు. ఊళ్లో ఇంత సంగీతాన్ని కుళాయిలో నీళ్లలా వదిలేశారే, వీళ్లకి పిచ్చేమిటని అనుకున్నాను. తని మొదలై జనం లేచిపోగానే నాన్న ముందుకి నడిచేవాడు. మొదటి రోజు సగం దాకా. తర్వాత నాలుగో వరస. ఆ తర్వాత మొదటి వరస. ప్రేమ ముదిరిందిలే అని నవ్వుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

విశాలం మామి ప్రతిచోటా కనిపించేది. ఒకరోజు నాన్నని ఏం చేస్తుంటారని అడిగింది. నేను ఏదో అబద్ధం వెతుక్కునేలోపే ఆయన "తోలు పనమ్మా. మృదంగాలు" అనేశాడు. మామి రాసుకుంటున్న పుస్తకం మూసింది. మా మధ్య కుర్చీలో సంచీ పెట్టింది. కాసేపటికి పుస్తకం మళ్లీ తెరిచి, ఈ మృదంగం ఏ శ్రుతి, మీకు తెలుస్తుందా అని అడిగింది. ఆ రోజు నుంచి మాకు చోటు ఆపి ఉంచేది. గుగ్గిళ్లు తెచ్చి పంచేది కూడా, కానీ చేతికి తగలకుండా జానెడు ఎత్తు నుంచి పోసేది. నాకు కోపం వచ్చింది. నాన్నతో అంటే, ఆవిడ చేతికి అది అలవాటు, మనసు మాత్రం నేర్చుకుంటోంది కదా, చాల్లే అన్నాడు. నేను అంత మంచిదాన్ని కాదు. గుగ్గిళ్లు మాత్రం తిన్నాను.

ఇరవై ఎనిమిదిన కోదై అనే పిల్ల మృదంగం తెచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి, సన్నగా ఉంటుంది, నాన్నని తాతా అంటుంది. ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం పెద్ద సభలో వాయించాలట. ఆడపిల్లని వెనక వాయించమని పిలిచేవాళ్లు తక్కువ, ఇది పోతే మళ్లీ ఎప్పుడో అంది. నాన్న ఆ పూటంతా దాని పని మీదే కూర్చున్నాడు. సాయంత్రం ఆమె వచ్చి వాయించి చూసుకుంటుంటే నేను కాఫీ గ్లాసు పట్టుకుని లోపలి గుమ్మంలో ఉన్నాను.

కుడివైపు అంచు చుట్టూ తోలువారు దూరే చోట్లు పదహారు, కళ్లంటాం వాటిని. పదహారూ ఒకే శ్రుతి పలకాలి. పదిహేను పలికాయి. ఒకటి కిందికి ఉంది. వీధిలో ఆటోల గోలలో ఆ పిల్లకి వినిపించలేదో, వినిపించినా పెద్దాయనకి చెప్పడానికి నోరు రాలేదో తెలియదు. సరిగ్గా ఉందా అని నాన్న అడిగితే ఉంది తాతా అంది. నాన్న నా వైపు చూశాడు. నేను గ్లాసులోకి చూశాను.

ఆ చూపు తిప్పుకోవడం నా జన్మలో చేసిన పాపాల్లో పెద్దది. ఆ పిల్ల ముందు నాన్న పరువు తీయలేక ఊరుకున్నాను. ఆ పరువే పెద్ద సభ వేదిక మీదికి వెళ్తోందని ఆమె సందు దాటాక గాని తట్టలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు.

ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం మేం మూడో వరసలో కూర్చున్నాం. పాడే ఆమె బాగా పాడుతోంది. నాకు మాత్రం ఒక్క ముక్క ఎక్కడంలేదు. ఏసీ చలికి ఆ కన్ను ఇంకా దిగింది. కోదై పాటల మధ్య రెండుసార్లు రాయితో సవరించుకుంది, లొంగలేదు. పాటల్లో ఎలాగో తప్పించుకుంటూ వచ్చింది. పెద్ద పాట ముగిసింది. పాడే ఆమె కోదై వైపు చెయ్యి చూపించి తని ఇచ్చింది. కుర్చీల టపటప మొదలైంది. విశాలం మామి సంచీ తీసుకుంది.

నాన్న ముందుకి వంగి వేదిక వైపే చూస్తున్నాడు.

"ఆ పిల్ల ఒక వేలు దాచుకుంటోంది. ఎందుకు?"

నేను ఒళ్లో చేతుల వంక చూసుకున్నాను.

"ఫిలో. నేనేం తప్పు చేశాను?"

ఆయన మంచి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "ఒక కన్ను కిందికుంది నాన్నా. ఆ రోజే వినిపించింది నాకు."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికీ చెప్పొద్దన్నావు కదా."

"ఎవరికీ అన్నాను. నాకు చెప్పొద్దని అనలేదే."

లేచాడు. జనమంతా తలుపుల వైపు వస్తుంటే ఆయన ఒక్కడే ఎదురు నడిచాడు. పక్క మెట్లెక్కి వేదిక మీదికి వెళ్లాడు. పాడే ఆమె ఆశ్చర్యంగా చూసింది. వయొలిన్ వాయించే ఆయన కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు. నాన్న కోదై ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, జేబులోంచి రాయీ కర్రముక్కా తీసి, మృదంగం తన ముందుకి తిప్పుకున్నాడు. పనివాడి తీరే అది, ముందు గదిలో కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఒక కన్ను దగ్గర వేలితో కొట్టాడు. తర్వాత చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, దీపాల వెలుతురులోంచి హాల్లోకి చూశాడు. నా కోసం.

ఆయన దాచమన్నది ఆయనే అందరి ముందూ పెట్టేశాడు. తలుపుల దగ్గరికి వెళ్లినవాళ్లు ఇదేమిటని ఆగిపోయి చూస్తున్నారు. లేచి మొదటి వరస ముందుకి వెళ్లి నిలబడ్డాను.

ఆయన కొట్టాడు. సరిపోయిందని తలూపాను. మరోటి కొట్టాడు. తలూపాను. మరోటి. కన్ను తర్వాత కన్ను, మృదంగం తిప్పుకుంటూ వెళ్లాడు. తొమ్మిదోది కొట్టగానే వేలు పైకెత్తాను. కర్ర ఆనించి రాయితో ఒక దెబ్బ వేసి, మళ్లీ కొట్టి నా వైపు చూశాడు. ఇంకా పైకి. మళ్లీ దెబ్బ. ఇంకొంచెం. ఆ హాల్లో తంబురా శ్రుతి, రాయి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒక్క శ్రుతిని ఆ చివర నుంచి ఈ చివరికి ఇద్దరం కలిసి మోస్తున్నాం, అందులో ఆయనకి బరువు తెలుస్తోంది, నాకు చప్పుడు తెలుస్తోంది. కలిసింది. చెయ్యి దించాను.

దిగిపోవడానికి లేచాడు. కోదై ఆయన చొక్కా అంచు పట్టుకుంది. "ఇక్కడే కూర్చో తాతా."

కూర్చున్నాడు. అరచెయ్యి చెక్క వేదిక మీద ఆనించాడు. ఆ పిల్ల వాయించడం మొదలుపెట్టింది. మొదట ఒక్క దెబ్బ వేసి ఆగింది. అది హాలంతా తిరిగి రావాలని ఆగిందేమో. తర్వాత రెండు. దెబ్బల మధ్య వదిలే ఖాళీ కూడా లెక్కలోదేనని నాకు అప్పుడు తెలిసింది. ఆ ఖాళీలు చిన్నవవుతూ, చిన్నవవుతూ, రెండు చేతులూ కనపడకుండా పోయాయి. ఎడమ చేతి కింద మూలుగు నేలలోంచి నా పాదాలకి తగిలింది. నాన్న మొహం వెలిగిపోతోంది. తలుపుల దగ్గర ఆగినవాళ్లలో చాలామంది అక్కడి మెట్ల మీదే కూర్చుండిపోయారు. విశాలం మామి మాత్రం కాఫీకి వెళ్లింది, అబద్ధమెందుకు. పన్నెండు నిమిషాలు. నా పెళ్లినాడు గాని, నా బిడ్డ పుట్టిననాడు గాని అంత నోరు మూసుకుని నిలబడలేదు.

సీజన్లో కబురు కాళ్లు లేకుండానే పరిగెత్తుతుంది. మర్నాడు పొద్దున్నే ముందు గదిలో ఆరుగురు వాద్యగాళ్లు, ఆరు మృదంగాలు. అందరూ నాన్న చెవుల వంకే చూస్తున్నారు. నాన్నే చెప్పాడు.

"నా చెవులు పోయాయి. ఇకమీదట మా అమ్మాయి వింటుంది, నేను చేస్తాను. ఇష్టంలేనివాళ్లు పట్టుకెళ్లండి, తప్పేం లేదు."

ఇద్దరు తలవంచుకుని మృదంగాలు తీసుకున్నారు. నలుగురు ఉన్నారు. మా ఇంట్లో ఆడవాళ్లం నల్లమచ్చకి రాయి నూరతాం, తోలువారు నానబెడతాం, ఆ పనిచాప మీద మాత్రం కూర్చోం. నాన్న తన పక్కన చాప మీద తట్టాడు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. వెళ్లి కూర్చున్నాను.

మృదంగం తీస్తాడనుకున్నాను. తియ్యలేదు. నా వైపు తిరిగి, ఆ నలుగురి ముందే, చిన్నపిల్లాడు అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"నిన్న ఆ పిల్ల వాయించింది కదా ఫిలో. ఎలా ఉంది?"

ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత రోజుకో వరస ముందుకి ఎందుకు జరిగాడో, చెయ్యి చెక్క మీద ఎందుకు ఆనించాడో తెలిసింది. ఆయన చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. నిన్న విన్నది విన్నట్టు తలుచుకుని, ఆ అరచేతిలో వేళ్లతో మొదటి దెబ్బ వేసి, ఆగాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత రెండోది వేశాను.